చేతులతో మాట్లాడుకునే షెడ్డు

చిన్నప్పుడు వచ్చిన జ్వరం పెద్దకోడలి రెండు చెవులనూ తినేసింది. ఇంట్లో అత్తగారు ఆమెను చెవిటిమాలోకం అనేది. మరమగ్గాల షెడ్డులో మాత్రం ఈ బిరుదు చెల్లలేదు. పాత మగ్గాల మోతలో గొంతు చించుకున్నా ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనుక అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. పోగు తెగితే ఒక సైగ, మేస్త్రీ వస్తుంటే ఒకటి, మేస్త్రీ పొట్టకు ఇంకొకటి. పక్క మగ్గం మీద తోడికోడలు. అత్తగారిని ఆడిపోసుకోవడానికి ఇద్దరికీ కలిపి నాలుగు చేతులు చాలేవి కావు.

వైకల్యం ఉన్నవాళ్లు నలుగురిలో ఎలా బతుకుతారో తెలుసుకోవడానికి మానవశాస్త్రం చదివే అమ్మాయి ఒకతె అక్కడికి వచ్చింది. పొద్దంతా చూసి, చివరికి మేస్త్రీనే అడిగింది.

"చెవుడున్నావిడ ఎవరండీ?"

"ఇక్కడ అందరం చెవిటివాళ్లమే కదమ్మా!" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత కొత్త మగ్గాలొచ్చాయి. చప్పుడు బాగా తక్కువ. అందరికీ నోళ్లు తిరిగొచ్చాయి, చేతులు పడిపోయాయి. నవ్వులు కనపడేవి గానీ, దేనికి నవ్వుతున్నారో పెద్దకోడలికి చెప్పే దిక్కు లేకపోయింది. పైగా ఈ మగ్గాలకు పోగు తెగితే గంట మోగుతుంది. వెంటనే ఆపకపోతే గుడ్డ పాడు. రెండుసార్లు పాడయ్యాక ఆమెను మగ్గం మీంచి తీసేస్తానన్నాడు మేస్త్రీ.

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలోంచే ఆమెను పోల్చుకుంది.

"ఈవిడకి చెవుడు మీ కొత్త మగ్గాలతో వచ్చిందండీ."

"అయితే మగ్గాలు వెనక్కి పంపమంటారా?"

"అక్కర్లేదు. గంట మోగినప్పుడు పక్కవాళ్లు చెయ్యెత్తితే చాలు."

చదువుకున్న పిల్ల మాట ముమ్మాటికీ నిజం. కానీ ఆ చెయ్యి ఎత్తాల్సింది ఆ పిల్ల కాదు కదా! మేస్త్రీ తోడికోడలి వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఎత్తుతావా?"

"నా మగ్గం నేను చూసుకోవద్దా? ఎంతకాలమని చేతులూపను? మా అక్కకి చీపురివ్వండి, ఊడ్చుకుంటుంది."

పెద్దకోడలికి పెదాలు చూసి మాట పట్టడం కొంత వచ్చు. తోడికోడలి పెదాలైతే మరీ బాగా వచ్చు. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఇద్దరూ కలిసి ఇంటికి బయల్దేరారు. మలుపు దగ్గర తోడికోడలు దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. ఎన్నాళ్లకో మళ్లీ చేతులెత్తి, ఏదో చెప్పబోయింది.

పెద్దకోడలు కళ్లు మూసుకుంది.