గోడ మీద పాస్‌వర్డ్

అరకు దాటి పైకెళితే వచ్చే మా చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటాను. సంత రోజున కొండలు దిగి వచ్చినవాళ్లు మొదట మంచినీళ్లు అడిగేవారు, తర్వాత వైఫై. నీళ్లిచ్చే చేత్తో వైఫై మాత్రం ఎలా కాదంటాను? పాస్‌వర్డు మంచినీళ్ల కుండ పైన గోడ మీద సుద్దతో పెద్దక్షరాల్లో రాసిపెట్టాను. పసిపిల్లల ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే మానిటరు వచ్చాక, టౌనులో ఉండే డాక్టరుగారికి కూడా అంకెలు కనబడాలని దాన్నీ ఆ వైఫైకే కలిపాను. దాని సొంత పాస్‌వర్డు కంపెనీవాళ్లు పెట్టిందే, వెనకాల స్టిక్కరు మీదే ఉండేది. మార్చాలన్న ఆలోచనే రాలేదు.

ఒక సంత రోజు పొద్దున్నే నెలలు నిండని పాప పుట్టింది. ఒళ్లు వెచ్చగా ఉంచే వార్మర్‌లో పడుకోబెట్టి, పాదానికి మానిటరు క్లిప్పు పెట్టాం. మధ్యాహ్నం దాని అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, గుంట పెదాలు నల్లబడతన్నాయి. ఓపాలి సూడు."

తెర మీద ఆక్సిజన్ తొంభై ఎనిమిది ఉంది. ఫోన్ చేస్తే డాక్టరుగారు, "నాకూ తొంభై ఎనిమిదే కనబడుతోంది సిస్టర్, కంగారు పడకండి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. పాప పాదానికున్న క్లిప్పు ఊడదీశాను. అప్పుడూ తొంభై ఎనిమిదే.

"ఇది గాలికి కూడా అదే చెబుతోంది సార్. ఇక దీని మాట నేను వినను."

స్విచ్చి ఆపేసి, ఒక చేత్తో పాప ముఖానికి మాస్కు అదిమి, రెండో చేత్తో ఊపిరందించే బ్యాగు నొక్కుతూ పాప రొమ్ము లేస్తోందా లేదా అనే చూశాను. పెదాలకు ఎరుపు తిరిగింది. అప్పుడు ఏడ్చింది చూడండి, వరండాలో వాళ్లంతా లేచి నిలబడ్డారు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

మర్నాడు మెకానిక్ వచ్చి చూశాడు. ఎవరి ఫోన్లోంచో వైరస్ వైఫై గుండా మానిటర్లో దూరి అంకెను బిగించేసిందట. ఆ ఫోను మనిషికి ఆ సంగతి తెలిసి కూడా ఉండదు. తలుపు తీసిపెట్టింది నేను.

మానిటరుకు వేరే ఇంటర్నెట్ లైను కావాలని అడిగితే పై అధికారి నవ్వారు. నేను ఊరుకుంటానా? బాగుచెయ్యని ఆ మానిటర్ని మీటింగుకి మోసుకెళ్లి, క్లిప్పు ఆయన టీకప్పు చెవికి తగిలించాను. తొంభై ఎనిమిది. ఆయన కప్పు పక్కకి జరిపి, కొత్త లైను కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు మానిటరుకు సొంత లైనుంది, నేను మార్చిన పాస్‌వర్డుంది. గోడ తుడిచేశాను. మొన్న సంతకి అమ్మమ్మ పాపని టీకాకి తెచ్చింది. కుండ దగ్గర ఒకాయన ఫోను పట్టుకుని, "పాస్‌వర్డేటి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"నీళ్లు తాగి బేగి ఎల్లు. లోపల గుంటలున్నారు."