చొక్కా పంపమన్న టెలిగ్రాం

వినగడప బస్సు కోసం తిరువూరు బస్టాండులో మూడు గంటలు కూర్చుని నాకు విసుగు మీదే విసుగు పుట్టిన వేళ, ఒకావిడ ఏడుస్తూ వచ్చి, చదివిపెట్టమని టెలిగ్రాం చేతికిచ్చింది. వారం కిందట అలిగి వెళ్ళిపోయిన మొగుడి గురించి బెజవాడ నుంచి మరిది ఇచ్చాడట. టెలిగ్రాం అంటే చావు కబురే కనుక, నేను చదవకముందే పక్కనున్న ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు.

"అన్నయ్య ఫౌండ్, చొక్కా పంపు అని ఉందండి. అంటే, దొరికాడని."

"మనిషా, శవమా బాబూ?"

నా బీఏ అక్కడితో అయిపోయింది. "ఇంగ్లీషులో రెంటికీ అదే మాటండి."

ఆవిడ ఏడుపాపి ఆలోచించింది. "పోయినోడికి కొత్త గుడ్డ కప్పుతారు గానీ చొక్కా ఎందుకండీ? కావాలంటే తననే వచ్చి తొడుక్కోమనండి!"

అంటూనే, ఆ చొక్కా ఇస్త్రీ చేయించడానికి గబగబా వెళ్ళిపోయింది. ఏడ్చినవాళ్ళూ నేనూ మళ్ళీ బస్సు కోసం చూడసాగాం.