మాస్టారి ‘లేదు’ గడి

ఫలానా చోట గొడవ ఉందని ఎవరైనా వచ్చి చెబితే, మాస్టారు ముందు ఆ గొడవ ఎక్కడ లేదో చెప్పమంటారు. అది చెప్పేదాకా కారణం మాట ఎత్తనివ్వరు. ఇంటర్నెట్ కంపెనీలో కస్టమర్ల ఫోన్లు ఎత్తే కుర్రకారుకి, సమస్యను పద్ధతిగా పరిష్కరించడం నేర్పడం ఆయన ఉద్యోగం. బోర్డు మీద నిలువు గీత గీసి ఒక పక్క ‘ఉంది’ అని, రెండో పక్క ‘లేదు’ అని రాస్తారు. గడులన్నీ నిండాక గానీ కారణం ఊహించకూడదు. తొందరపడి ఊహించినవాణ్ణి, అన్నం ఉడక్కముందే కంచం పెట్టుకు కూర్చున్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఆ జట్టుకి లీడరుగా ఉన్నావిడని అందరూ లీడరమ్మ అంటారు. మొదట్లో మాస్టారి ధోరణి చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల అందరూ గగ్గోలు పెడుతుంటే, ఈయన నింపాదిగా పక్క లిఫ్టు ఆగలేదు కదా అని వాకబు చేశారు. ఇంట్లోనూ ఇదే వరస. భార్య పన్ను నొప్పి అంటే ఏ పన్ను నొప్పి లేదని అడిగారట. మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయి, కొరికి చూపించనా అందట ఆవిడ. ఆ సంగతి క్లాసులో ఆయనే గర్వంగా చెప్పుకున్నారు. ‘లేదు’ గడికి అంత స్పష్టమైన జవాబు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదట.

అయినా ఆయన్ని కొట్టిపారెయ్యడానికి లేదు. రోజూ సాయంత్రం ఇంటర్నెట్ పోతోందని ఒకాయన ప్రాణాలు తోడేస్తుంటే, సీనియర్లు తీగలు మార్చి, పెట్టె మార్చి చివరికి చేతులెత్తేశారు. ఏ సాయంత్రం పోవడం లేదని అడిగారు మాస్టారు. సెలవుకి ముందు రోజు పోదట. మర్నాడు బడి ఉన్నప్పుడు ఆ ఇంటి ఇల్లాలు ఇంటర్నెట్ ప్లగ్గు పీకి, పిల్లల యూనిఫారాల కోసం ఇస్త్రీ పెట్టె తగిలిస్తోంది. ఆ తర్వాత లీడరమ్మకి ఒళ్ళు మండటం కాస్త తగ్గింది.

అసలు చిక్కు కొత్తమ్మాయితో వచ్చింది. ఆమె మాట్లాడుతుండగా ఫోన్లు మధ్యలో తెగిపోతున్నాయి. మేనేజర్ గొంతు మామూలుగానే పక్కగదికి వినిపిస్తుంది, ఆ రోజు కింది అంతస్తుకీ వినిపించింది. పిల్లకి పొగరని, సాయంత్రంలోగా కారణం తేలకపోతే రేపటినుంచి రావద్దని చెప్పెయ్యమని లీడరమ్మకి హుకుం వేశాడు. ఆ పిల్లకిది మొదటి ఉద్యోగం, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఏం చెయ్యాలో పాలుపోక లీడరమ్మ ఆ సమస్యని మాస్టారి క్లాసులో పెట్టింది. మేనేజర్ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు.

గడులు చకచకా నిండాయి. కొత్తమ్మాయి దగ్గర తెగుతున్నాయి, పక్కవాళ్ళ దగ్గర లేదు. పొద్దునా తెగుతున్నాయి, మధ్యాహ్నమూ తెగుతున్నాయి. మరి ఎవరితో మాట్లాడితే తెగలేదని అడిగారు మాస్టారు. లీడరమ్మ తను విన్న రికార్డింగులు గుర్తు తెచ్చుకుంది. అడిగిందే అడిగే పెద్దావిడతో తెగలేదు, నత్తి ఉన్న అబ్బాయితో తెగలేదు. తెగింది ఒక కొట్టు యజమానితో, ఒక కాంట్రాక్టరుతో, ఒక వకీలుతో. చెబుతుండగానే ఆవిడకి తట్టింది, ఆ ముగ్గురివీ కేకలే. కొత్తమ్మాయి తల దించుకుని హెడ్‌సెట్ తీగని వేలికి బిగించి చుట్టుకుంటోంది.

ఇక మిగిలింది ఒక్క గడి, ఎవరు అరిస్తే తెగలేదన్నది. మాస్టారు ఆ పిల్ల వంక చూశారు. పెన్నుకి మూత పెట్టేశారు.

“హెడ్‌సెట్ పాడైంది,” అన్నారు.

క్లాసు నోరెళ్ళబెట్టింది. గడి ఇంకా ఖాళీగా ఉందని ఒక సీనియర్ గుర్తు చేస్తే, తీగని చూస్తేనే తెలుస్తోందంటూ ఆయన బోర్డు తుడిచేశారు. గడి నింపకుండా మాస్టారు కారణం చెప్పడం అదే మొదటిసారి. మేనేజర్ మాత్రం తనకి ముందునుంచీ అదే అనుమానమని చెప్పి, కొత్త హెడ్‌సెట్‌తో ఒక వారం చూద్దామని వెళ్ళిపోయాడు.

లీడరమ్మ కొత్త హెడ్‌సెట్ తెచ్చేసరికి గదిలో మాస్టారూ కొత్తమ్మాయీ ఇద్దరే ఉన్నారు. ఆవిడ తలుపు దగ్గరే ఆగింది.

“ఎవరైనా అరిస్తే చేతులు వణుకుతాయి సార్. నాకు తెలీకుండానే బటన్ నొక్కేస్తున్నాను,” అంటోంది కొత్తమ్మాయి.

“సరే. ఎవరు అరిస్తే వణకవు?”

“మా తాతయ్య. ఆయనకి చెముడు. మంచినీళ్ళు అడగాలన్నా కేకే.”

“మరి ఆయనంటే భయం వెయ్యదేం?”

“పాపం, వినపడకే కదా సార్ అరుస్తారు.”

“కోపమొచ్చిన మనిషికీ చెవులు పనిచెయ్యవమ్మా. అరిచిన ప్రతివాడూ మీ తాతయ్యే అనుకో.”

ఆ వారమంతా భోజనాల వేళ మాస్టారు ఆమె ఎదుట కూర్చుని, కోపిష్ఠి కస్టమరులా అరిచి అలవాటు చేయించారు. పాపం ఆయనకి అరవడం చేతకాదు. రెండు కేకలకే దగ్గొచ్చేది, ఆ పిల్లకి నవ్వొచ్చేది. ఇది అయ్యే పని కాదని లీడరమ్మ రంగంలోకి దిగి, తన మొగుణ్ణి తలుచుకుని అరిచింది. ఆ అరుపులు బాగా అక్కరకొచ్చాయి.

వారం తిరిగేసరికి ఫోన్లు తెగడం ఆగిపోయింది. ఇప్పుడు ఒక్కొక్కరితో మరీ ఎక్కువసేపు మాట్లాడుతోందని మేనేజర్ విసవిసా వచ్చి, ఆ పిల్ల నెత్తి మీద నిలబడి గద్దించాడు. కొత్తమ్మాయి లేచి నిలబడింది. చేతులు వణకలేదు. ఆయన చెవికి కాస్త దగ్గరగా జరిగి, ఒక్కో మాటా విడదీసి, ఎంతో ఆపేక్షగా చెప్పింది.

“కంగారు పడకండి సార్. నిదానంగా చెప్పండి. నేను వింటున్నాను.”

మేనేజర్ తెల్లబోయాడు. లీడరమ్మని పక్కకి పిలిచి, అటూ ఇటూ చూసి, లోగొంతుకతో అడిగాడు.

“నేను గట్టిగా మాట్లాడుతున్నానా?”

“ఇప్పుడు లేదు సార్,” అంది లీడరమ్మ.