వీపే గడియ

ఆయమ్మ ఉద్యోగం కాగితం మీద వేరు. గదులు ఊడ్వాలి, గంట కొట్టాలి, తాగే నీళ్ళు నింపాలి. కాగితం మీద లేని అసలు ఉద్యోగం విరామం గంట కొట్టాక మొదలవుతుంది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. ద్వారబంధం ఒరిగిపోవడంతో ఆ తలుపు దానంతటదే బయటికి తెరుచుకుంటుంది. అందుకని ఆయమ్మ ముక్కాలిపీట వేసుకుని, తలుపుకి వీపు ఆనించి కూర్చుంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆ తలుపుకి గడియ ఆవిడ వీపే. ఆవిడ లోపలికెళ్తే బయట ఆనుకునేవాళ్ళు ఎవరూ లేరు కనక, తను మాత్రం సాయంత్రం బడంతా ఖాళీ అయ్యాకే మరుగుదొడ్డికి వెళ్ళేది.

వీపు నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. బెంగల్లా ఒక్కటే. ఇంకో రెండు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది, తన చోట కొత్తవాళ్ళని వేసేది లేదని ఆఫీసువాళ్ళు ముందే తేల్చేశారు. ఆ మధ్య ఆవిడ జ్వరంతో నాలుగు రోజులు మానేస్తే, ఏడో తరగతి ఆడపిల్లలు విరామంలో ఇళ్ళకెళ్ళి, ఆవిడ తిరిగొచ్చేదాకా మళ్ళీ బడి ముఖం చూడలేదు.

హెడ్మాస్టరుగారు చేతనైనంత చేశారు, అంటే అర్జీలు రాశారు. అర్జీతోపాటు బడి ఫోటో పెట్టాలి. బడి మొత్తంలో ఫోటోకి పనికొచ్చేది వీధివైపు గోడ ఒక్కటే. ఆ గోడని చూసి ఆఫీసువాళ్ళు, ఇంత చక్కటి బడికి మరమ్మతులేమిటని అర్జీని తిప్పి పంపేవారు.

గోడ చక్కగా ఉండటం కాలేజీ పిల్లల పుణ్యం. వాళ్ళు ఏటా తమ సెలవుల్లో సేవ చేయడానికి బస్సులో దిగి, మూడు రోజులుండి, ఆ గోడకే రంగులేసి వెళ్తారు. ఒక ఏడు సూర్యుడు. మరో ఏడు సూర్యుడి మీద చెట్టు. ఆపైన చెట్టుని మింగేసి ప్రపంచపటం. ఈ తొమ్మిదేళ్ళలో గోడ అంగుళం లావెక్కిందని ఆయమ్మ అంచనా.

ఈ ఏడు పద్నాలుగు మంది దిగారు, అందరికీ ఒకే నీలం చొక్కా. మొదటి రోజు ఆయమ్మ నిచ్చెన పట్టుకుని, పైనున్న పొడుగబ్బాయిని అడిగింది.

"ఏటా ఈ గోడకే ఎందుకు బాబూ?"

"అందరికీ కనబడుతుంది కదా ఆంటీ."

"వెనకాల మరుగుదొడ్డి తలుపుంది."

"దానికి రేపు పువ్వులేస్తాం."

ఆయమ్మ నిచ్చెన పట్టుకునే లెక్క వేసుకుంది. తలుపుకి కూడా పువ్వులొస్తే దాన్నీ ఫోటో తీసి పంపుతారు. ఇక గడియ మీద ఆశ వదులుకోవచ్చు.

రెండో రోజు ఎండ మాడ్చేసింది. మెడలో ఈల వేసుకున్న అమ్మాయి వాళ్ళ లీడరు. నీళ్ళు తాగండి, నీళ్ళు తాగండి అని అందరి వెంటా పడి, చివరికి అందరికంటే ఎక్కువ తనే తాగింది. మధ్యాహ్నానికి ఆయమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. ఆయమ్మ పీట చంకన పెట్టుకుని దారి చూపించింది.

"గడియ ఎక్కడాంటీ?"

"నేనేనమ్మా. నువ్వు వెళ్ళు, నేను ఆనుకుంటా."

అమ్మాయి లోపలికెళ్ళింది. ఆయమ్మ పీట వేసుకుని ఆనుకుని, తలుపు మీద వేలితో తట్టింది.

"అమ్మాయీ, హెడ్మాస్టరుగారు పిలుస్తున్నారు. వెళ్ళొస్తా."

"వద్దాంటీ, ఒక్క నిమిషం."

"పెద్దాయన. ఊరికే పిలవరు."

ఆ సమయానికి హెడ్మాస్టరుగారు తన గదిలో నోరు తెరుచుకుని కునుకు తీస్తున్నారు.

"ప్లీజ్ ఆంటీ, బయట మా వాళ్ళంతా ఉన్నారు."

"ఉన్నారమ్మా. పొడుగబ్బాయి ఇటే వస్తున్నట్టున్నాడు. చేతిలో టేపుంది, పువ్వులకి కొలతలేమో."

లోపలి నుంచి తలుపుని గోళ్ళతో పట్టి లాక్కుంటున్న చప్పుడైంది.

"మా పిల్లలకి రోజూ ఇదే అవస్థ," అంది ఆయమ్మ తాపీగా. "నాకు ఇంకో రెండు నెలలే ఉద్యోగం. ఆ తరవాత ఇక్కడ కూర్చునేవాళ్ళు లేరు. మీలో ఎవరికైనా గడియ బిగించడం వచ్చా?"

"వచ్చాంటీ. అందరికీ వచ్చు. మీరు మాత్రం లేవకండి."

ఎవరికీ రాదని మర్నాడు తేలింది. బజారు నుంచి గడియ వచ్చింది, స్క్రూలొచ్చాయి. పొడుగబ్బాయి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు, మిగతా పదమూడు మంది సలహాలు పట్టుకున్నారు. మూడు గంటలు చెమటోడ్చి బిగించి, ఆ గడియని మధ్యలో పెట్టి అందరూ ఫోటో దిగారు.

ఆయమ్మ గడియ వేసి చూసింది, తీసి చూసింది.

"గట్టిగా ఉంది బాబూ."

"ఏనుగొచ్చి లాగినా ఊడదాంటీ."

"ఊడదు. కానీ బయటివైపు బిగించారు కదా, లోపలికెళ్ళిన పిల్ల ఎలా వేసుకుంటుంది?"

పద్నాలుగు మందీ తలుపు వైపు చూశారు.

"లోపల చీకటిగా ఉందాంటీ," అన్నాడు పొడుగబ్బాయి. "బయటైతే వెలుతురని..." లీడరు వైపు తిరిగాడు. "నువ్వూ ఇక్కడే ఉన్నావు కదే."

"అవును," అంది లీడరు. "నిన్న లోపలున్నది కూడా నేనే. నాకైనా తట్టి ఉండాల్సింది."

వీధిలో బస్సు హారను మోగింది. ఆయమ్మ పొడుగబ్బాయి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. నాలుగు స్క్రూలూ విప్పి, గడియ పట్టుకుని లోపలికెళ్ళింది. ద్వారబంధంలో పాత గడియ కన్నం ఎక్కడుందో ఆవిడకి కళ్ళు మూసుకున్నా తెలుసు. అయితే తలుపు మూసి పట్టుకుంటేగాని గడియ కన్నానికి తిన్నగా రాదు. లీడరు ఎవరూ చెప్పకుండానే ముక్కాలిపీట లాక్కుని, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"ఆనుకున్నానాంటీ."

"కదలకు."

పావుగంటకి ఆ అమ్మాయికి వీపు నొప్పి మొదలైంది, అయినా కదల్లేదు. చివరికి లోపల ఇనుము జారి టక్కుమని ఆగింది.

"ఇక లేమ్మా."

లీడరు లేచింది. తలుపు తెరుచుకోలేదు. పొడుగబ్బాయి వచ్చి లాగి చూశాడు. అప్పటికీ తెరుచుకోలేదు.

మళ్ళీ హారను. వీడ్కోలు ఫోటోకని హెడ్మాస్టరుగారు కండువా సర్దుకుంటూ వచ్చారు. "ఆయమ్మ ఏదీ?"

"లోపలున్నారు సార్."

"ఈ వేళప్పుడా?" ఆయన తలుపు దగ్గరికొచ్చి దగ్గారు. "ఆయమ్మా, అందరూ నీకోసమే నిలబడ్డారు."

"నిలబడనీండి సార్," అంది లోపలి నుంచి ఆయమ్మ. "వస్తా. తొందరేముంది."