ఏడో రెక్క

దయ్యాల కథలు చెప్పేవాళ్లు నన్ను చూస్తే మాట మారుస్తారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా "మా పిన్ని కళ్లారా చూసిందంట" అని మొదలుపెడితే చాలు, ఎన్ని గంటలకు చూసింది, లైటు ఎటువైపు ఉంది, ముందు రోజు సరిగ్గా నిద్రపోయిందా అని అడుగుతాను. మూడో ప్రశ్నకల్లా దయ్యం పారిపోతుంది. ఇప్పటికీ నా పద్ధతి అదే. కింద రాసేది కూడా ఆ పద్ధతిలోనే రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

జరిగింది ఒక ఆదివారం, పొద్దున పదకొండు దాటాక, చక్కటి ఎండలో. కిషన్‌బాగ్‌లో ఒక ఫంక్షన్ హాలు వెనక ఖాళీ జాగాలో. పాత విమానాలంటే ప్రాణం పెట్టేవాళ్లు నలభై మంది దాకా అక్కడ కలిశారు. నాకు విమానాల మీద ఏ మోజూ లేదు. మా తమ్ముడు శ్రీశైలం కోసం వెళ్లాను.

వాడి సంగతి చెప్పాలంటే ముందు మా బాపు సంగతి, అంటే మా నాన్న సంగతి చెప్పాలి. మాది గౌలిపుర. తాతల నాటి నుంచి బర్రెలు, పాలు. బాపు ఒక్కడే ఆ పని వదిలి ఒక ఫ్లయింగ్ క్లబ్బులో హెల్పర్‌గా చేరాడు. అక్కడి చిన్న విమానాలకు సెల్ఫ్ స్టార్ట్ ఉండేది కాదు. ఒక మనిషి ముందు నిలబడి పంకా రెక్కను చేత్తో తిప్పాలి. మొదట స్విచ్ ఆపి ఉంచి, ఇంజన్‌లోకి పెట్రోలు లాగడానికి రెక్కలను ఎనిమిదిసార్లు నెమ్మదిగా కిందికి లాగాలి. ఆ తర్వాత స్విచ్ వేసి ఒక్క గట్టి లాగుడు. ఇంజన్ అందుకోగానే వెనక్కి దూకాలి. ఆలస్యమైతే రెక్క చెయ్యి తీసుకుపోతుంది. బాపుతో పనిచేసిన ఒకాయనకు అలాగే కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

బాపు బర్రెలను వదిలాడు కానీ పాల లెక్కను వదల్లేదు. మా ఇంట్లో పాలు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టు అవుతుందని, పిల్లలకు కీడని, ఆరున్నొక్కటి అంటారు. తరువాత ఎనిమిది. బాపు పంకా రెక్కలను కూడా ఇలాగే లెక్కపెట్టేవాడు. క్లబ్బులో పైలట్లు నవ్వేవాళ్లట. నవ్వితే నవ్వారు, నా వేళ్లు పదీ ఉన్నాయి కదా అనేవాడు. మాకు అంకెలు కూడా అదే తీరులో నేర్పాడు. ఒకటో తరగతిలో నేను పలక పట్టుకుని "లాభం, రెండు" అని మొదలుపెడితే పంతులమ్మ నెత్తిన మొట్టికాయ వేసింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

బాపు పోయి నాలుగేళ్లయింది. శ్రీశైలానికి జల్‌పల్లిలో బండ్లు రిపేరు చేసే షెడ్డు ఉంది. చేతులే వాడి బతుకు. బాపు బతికున్నంతకాలం వాణ్ని విమానాల దగ్గరికి రానివ్వలేదు. పోయాక మాత్రం వాడికి ఆ పిచ్చి పట్టింది. ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో ఒక చిన్న విమానం ఇంజన్ దొరికితే, ఎనిమిది నెలలు దాని మీదే పడ్డాడు. ఇనప చట్రం మీద బిగించి, కట్టె పంకా చేయించి, ఆ ఆదివారం అందరి ముందు నడిపి చూపిస్తానన్నాడు.

ముందు రోజు మా మరదలు ఫోన్ చేసింది. "వదినె, మీరు గూడ పోండ్రి. ఆయన పంకా ముట్టకుండ చూడుండ్రి. రెండు చేతులతోని ఇంటికి తోలుకొస్తె సాలు" అంది. నేను మాట ఇచ్చాను.

తిప్పడానికి అనుభవమున్న ఒక రిటైర్డ్ మెకానిక్ వస్తాడని తమ్ముడు చెప్పాడు. ఆయన రాలేదు. మోకాలు వాచిందని కబురు పంపాడు. హాలు నడిపే ఖలీల్ భాయ్‌కి ఆగడం తెలియదు. అప్పటికే గోడ పొడవునా టేబుళ్లు వేయించి, పాత ఫొటోలు, ఎత్తు చూపించే గడియారాలు, కట్టెతో చేసిన బొమ్మ విమానాలు అన్నీ పరిపించాడు. జనం వాటిని రెండు చుట్లు చూసేశారు. "సబ్ దేఖ్‌రే భాయ్, ఇగ చాలూ చెయ్" అని, అందరూ చూస్తున్నారు మొదలుపెట్టమని తొందరపెట్టాడు.

శ్రీశైలం చొక్కా చేతులు మడిచాడు. వద్దురా అన్నాను. "స్విచ్ బందే ఉందక్కా. ఉత్తగ పెట్రోల్ గుంజుడే గిది. స్విచ్ ఏసినంక వేరేటోళ్లు తిప్పుతరు. ఫికర్ జెయ్యకు" అన్నాడు. నేను ఇంకొంచెం గట్టిగా అడ్డుపడాల్సింది. అంతమంది ముందు తమ్ముణ్ని చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. మొహమాటం ఎంత చెడ్డదో ఆ రోజు తెలిసింది.

ఒక ముసలి పైలట్ కుర్చీ వేసుకుని స్విచ్ దగ్గర కూర్చున్నాడు. స్విచ్ ఆపి ఉందని పైకి చెప్పాడు. నేను పంకాకు కుడివైపు, నాలుగు అడుగుల వెనక నిలబడ్డాను. తమ్ముడు మొదటి రెక్క పట్టి కిందికి లాగాడు.

"లాభం" అని వినిపించింది.

నాకు నవ్వొచ్చింది. పొద్దున బండి మీద వస్తూ వాడు నాతో అన్నాడు, "గంత పెద్దోళ్ల ముంగట లాభం లాభం అంటె నవ్వుతరక్కా, మనసులనే అనుకుంట" అని. నా మనసు కొంచెం నొచ్చుకుంది. ఇప్పుడు చేతికి పని తగలగానే నోరు దానంతట అదే పలికింది కాబోలు అనుకున్నాను. రెండు. మూడు. నాలుగు. మగగొంతు, మెల్లగా, అలవాటైన పని చేసేవాడి గొంతు. ఐదు. ఆరు.

వాడు తరువాతి రెక్క పట్టి లాగడం మొదలుపెట్టాడు.

"ఏడు" అని వినిపించింది.

నా ఒళ్లు ఝల్లుమంది. ఇంజన్ ఇంకా అందుకోలేదు, ఝల్లుమన్నది ఆ మాటకే. మా ఇంట్లో లెక్కపెడుతూ ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. శ్రీశైలం కూడా రెక్క సగంలో ఉండగానే వదిలేసి, ఒక అడుగు వెనక్కి వేసి తల తిప్పాడు. రెక్క ఆ ఊపుకి ఇంకో జానెడు కిందికి దిగింది. ఇంజన్ ఢామ్మని అందుకుంది. స్విచ్ ఆపి ఉన్న ఇంజన్ పంకా గిర్రున తిరిగింది. టేబుళ్ల మీద ఫొటోలు లేచిపోయాయి. ఎవరో పెట్రోలు బంద్ చేశాక, పది పదిహేను క్షణాలకు ఆగింది. వాడి చెయ్యి రెక్క మీదే ఉంటే ఏమయ్యేదో అక్కడున్న అందరికీ తెలుసు.

ఇంజన్ ఎందుకు అందుకుందో అరగంటలో తేలింది. మన ఇళ్లలో స్విచ్ తీగ తెగితే లైటు ఆరిపోతుంది. ఈ ఇంజన్‌లో తిరకాసు. స్విచ్ తీగ ఊడితే నిప్పురవ్వ ఆగదు, ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మర ఒకటి వదులై తీగ ఊడి వేలాడుతోంది. బిగించింది తమ్ముడే. అందులో వింతేమీ లేదు.

వింత ఆ తరువాత మొదలైంది. వాడు గోడ వారగా కూర్చుని నీళ్లు తాగి, నా వైపు చూశాడు.

"ఏడు అని ఎందుకన్నవక్కా?" అన్నాడు.

"నేనెక్కడన్న? నువ్వే గద లెక్క పెడుతున్నవ్" అన్నాను.

"నేను నోరే తెరువలే. మొదటి సంది నీ గొంతే ఇనబడ్డది. అక్కెందుకు పెడుతుంది లెక్క అనుకున్న."

నాకు వినిపించింది మగగొంతు. వాడికి వినిపించింది ఆడగొంతు. నేను వాడనుకున్నాను, వాడు నేననుకున్నాడు. బాపు గొంతని మా ఇద్దరిలో ఒక్కరికీ అనిపించలేదు. ఇది దాచకుండా చెప్పాలి.

ఖలీల్ భాయ్ మొత్తం ఫోన్‌లో తీశాడు. దాన్ని నేను ఇరవైసార్లకు తక్కువ కాకుండా చూశాను. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూడా విన్నాను. అందులో తమ్ముడి ఊపిరి వినిపిస్తుంది. ఎవరో దగ్గడం, రోడ్డు మీద ఆటో హారన్ వినిపిస్తాయి. లెక్క మాత్రం లేదు. వాడి పెదాలు మూసే ఉన్నాయి. ఫ్రేము అంచులో ఉన్న నా పెదాలూ మూసే ఉన్నాయి. ఏడో రెక్క దగ్గర మేమిద్దరం ఒకేసారి ఉలిక్కిపడతాం. మిగతావాళ్లెవరూ కదలరు. వాడి చెయ్యి వదలడానికీ ఇంజన్ అందుకోవడానికీ మధ్య ఒక్క క్షణం ఉంది. శబ్దానికి భయపడి వదిలాడని అనడానికి వీల్లేదు. వదిలాకే శబ్దం.

ఆ పూట స్విచ్ దగ్గర కూర్చున్న పైలట్‌నూ, దగ్గర్లో ఉన్న మరో ఐదుగురినీ అడిగాను. లెక్క ఎవరూ వినలేదు. మరదలికి మాత్రం ఏమీ జరగలేదని చెప్పాను. ఇది చదివితే నన్ను తిడుతుంది. తిట్టనీ.

వారం తర్వాత శ్రీశైలం మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి, చివరికి అసలు విషయానికి వచ్చాడు. "అది బాపు అయ్యుండదక్కా. బాపు అయితె ఏడు అంటడా? సచ్చినా అనడు గద."

నేను ఆలోచించకుండానే అనేశాను. "ఆరున్నొక్కటి అంటె నువ్వు చెయ్యి ఇడిసెటోనివారా?"

వాడు నా మొహంలోకి చూశాడు. తరువాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. దయ్యాలను ప్రశ్నలతో తరిమే నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. చిన్నప్పటి లెక్క ఇద్దరి బుర్రల్లోనూ ఉంది, రెక్క తిరిగే లయకు అదే మోగి ఉంటుంది. ఆరు వరకు ఒప్పుకుంటాను. మోగితే ఆ తరువాత ఆరున్నొక్కటి మోగాలి. రెండు బుర్రలూ, ఆ ఒక్క క్షణంలో, తమకు అలవాటే లేని అదే తప్పు ఎందుకు చేశాయి? నా విద్యార్థి ఎవరైనా ఇలాంటి ప్రయోగం రాసుకొస్తే మళ్లీ చెయ్యమంటాను. దీన్ని మళ్లీ చేసే ధైర్యం నాకు లేదు.

అది బాపేనని నేను అనడం లేదు. ఒకవేళ ఆయనే అయితే మాత్రం, పిల్లలకు కీడని జీవితమంతా నోటికి రానివ్వని మాటను, ఆ పిల్లవాడి కోసమే పలకాల్సి వచ్చినప్పుడు ఆయన ప్రాణం ఎంత విలవిల్లాడి ఉంటుందో అని తలుచుకుంటాను. ఫిజిక్స్ పంతులమ్మనే అయినా, అప్పుడు నాకు ఏడుపు ఆగదు.