నీలం పట్టల కింద

వరూధిని ఒంగోలు పిల్ల. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం. వాన కురవకముందే నీళ్లు ఏ వీధిలోకి వస్తాయో చెప్పడం ఆమె పని. ఉపగ్రహం తీసిన ఫొటోలు, నేల ఎత్తుపల్లాలు, వాన లెక్కలు అందిస్తే కంప్యూటర్ మునిగే చోట్లు చూపిస్తుంది. అక్కడివాళ్ల ఫోన్లకు హెచ్చరిక వెళ్తుంది. ఈ సంగతి చెప్పుకోవడమంటే ఆమెకు మహా సరదా. తన ఇంట్లో వంట చేసే భాగీరథమ్మను కూడా వదల్లేదు.

భాగీరథమ్మ గుడిసె దగ్గర్లోని హూడిలో, ఊరి వాననీళ్లు పోయే రాజకాలువ పక్కన. మంచం దిగలేని అత్త సుబ్బలక్ష్మమ్మ ఉంది కాబట్టి, మబ్బు పట్టిందంటే పని మానేసి ఇంట్లోనే ఉండిపోయేది. వరూధిని ఆమె నంబరును హూడి హెచ్చరికల జాబితాలో ఎక్కించి, మెసేజ్ రాకపోతే ధైర్యంగా పనికి రమ్మంది. పోయిన వానాకాలం గుడిసెలు కారుతున్నాయంటే అపార్ట్‌మెంట్‌వాళ్లను కూడగట్టి, అన్నిటికీ నీలం టార్పాలిన్ పట్టలు పంచింది. తన మంచితనానికి తనే మురిసిపోయింది కూడా.

ఈ ఏడు ఓ మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. ముందే మెసేజ్ అందడంతో వరూధిని సెల్లార్‌లోంచి కారు తీసి మెరక మీద పెట్టుకుంది. భాగీరథమ్మ ఫోన్ మోగలేదు. ఆమె నిశ్చింతగా చపాతీలు ఒత్తుతూనే ఉంది. అక్కడ హూడిలో పక్క గుడిసె మారప్ప సుబ్బలక్ష్మమ్మను భుజాన వేసుకుని బయటపడేసరికి మంచం మునిగిపోయింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరి ఆమె ఆసుపత్రి పాలైంది.

మెసేజ్ ఎందుకు వెళ్లలేదో వరూధిని వెతికింది. ఉపగ్రహం ఫొటోలో ఆ నీలం పట్టలన్నీ కలిసి చెరువులా ఉన్నాయి. కంప్యూటర్ చెరువనే రాసుకుంది. సరిచూడాల్సిన వరూధిని చూడకుండానే సరేనని నొక్కేసింది. చెరువుకు ఎవరు హెచ్చరిక పంపుతారు? సరిదిద్దడం చిటికెలో అయిపోయింది. ఆమెకు మాత్రం తిండి సయించలేదు, కారు ముట్టుకోబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు భాగీరథమ్మ పనికి వచ్చి, పట్ట చినిగిపోయిందని, ఇంకొకటి ఇప్పించమని అడిగింది. వరూధిని ఇక దాచలేక జరిగిందంతా చెప్పేసింది.

"తప్పు నాది భాగీరథమ్మా. నా మాట నమ్మబట్టే నువ్వు మీ అత్తను వదిలి వచ్చావు," అంటూ ఏడ్చేసింది.

భాగీరథమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"ఆ పట్టల కింద మనుషులుండారు గదమ్మా," అంది.

పొయ్యి కట్టేసి, ఆసుపత్రికి అన్నం క్యారియర్ సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"పట్ట మాత్రం కావల్లమ్మా. ఈ తూరి వేరే రంగుది ఇయ్యి."