తలుపు పిడి లేని కారు

మొన్న వేసవిలో మా తమ్ముడు కొత్త కారు కొని, షోరూం వాళ్ళు వేసిన పూలదండ వాడకముందే దాన్ని నంద్యాలలో మా ఇంటి ముందుకు తెచ్చి నిలబెట్టి, రా అక్కా ఎక్కు అని పిలిచినప్పుడు, నేను చెప్పులేసుకుని సంతోషంగానే బయటికి వచ్చాను గానీ, ఆ కారు తలుపు తీయడం నా చేత కాలేదు. పిడి ఉండవలసిన చోట నున్నటి రేకు ఉంది. డెబ్బై రెండేళ్ళ ముసలిదాన్ని, నడివీధిలో గోడకు సున్నం కొట్టేదానిలాగా అరచేత్తో ఆ రేకును తడుముతూ నిలబడితే, తమ్ముడు నవ్వి, జేబులో తాళం ఉన్న మనిషి దగ్గరికి వస్తే పిడి దానంతట అదే బయటికి వస్తుందనీ, మనిషి దూరం పోతే అదే లోపలికి పోయి తాళం పడిపోతుందనీ చెప్పాడు. పిడికి దాక్కోవలసిన ఖర్మ ఏమొచ్చిందిరా అని అడిగాను. గాలికి అడ్డం రాకుండా అన్నాడు. ఆటోల నడుమ, గేదెల వెనక, నంద్యాల బజారులో నడిచే మనిషికన్నా నిదానంగా పోయే కారుకు ఏ గాలి అడ్డం వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అది కరెంటుతో నడిచే కారు. లోపల ఒక్క బొత్తాము లేదు. టీవీ అంత తెర ఒకటి ఉంది. చల్లగాలి పెంచాలన్నా, అద్దం సరిచేయాలన్నా ఆ తెర మీదే వేలితో వెతుక్కోవాలి. వెతుకుతుంటే బండి గతుకులో పడి వేలు పక్కకు పోతుంది, చల్లగాలి బదులు పాట మొదలవుతుంది. ఇక నెత్తిన పైకప్పంతా అద్దం. మన నంద్యాల ఎండలో, మిద్దె మీద ఒడియాలు ఒక్క పూటలో గలగలలాడే ఎండలో, కారుకు గాజు పైకప్పు పెట్టిన మహానుభావుడెవరో ఏప్రిల్ నెలలో ఒక్కసారైనా ఈ ఊరికి వచ్చి ఉంటాడా? ఆ పైన ఊరికే కీచుకీచుమనే మోత. గీత దాటితే మోత, ఎదర కుక్క అడ్డం వస్తే మోత, ఒళ్ళోని టిఫిను క్యారియరు పక్కసీట్లో పెడితే దానికి బెల్టు వేయలేదని మోత.

నాకు బండ్ల సంగతి తెలియక ఇట్లా అంటున్నానని ఎవరూ అనుకోకండి. నా వయసు ఆడవాళ్ళలో జీపు నడిపినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎందరుంటారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇరవై మూడేళ్ళకు నర్సు చదువు ముగించుకుని నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేరిన నాకు, వారానికి మూడు రోజులు జీపులో పల్లెలు తిరగడమే పని. గోస్పాడు వైపు ఒక రోజు, వెలుగోడు వైపు ఒక రోజు, ఆళ్ళగడ్డ దాటి రుద్రవరం పల్లెలకు ఒక రోజు. ఆ జీపుకు తలుపులు లేవు, కిటికీలు లేవు, పైన మాసిన కాన్వాసు గుడ్డ. తిరిగి వచ్చేసరికి తెల్లచీర ఎర్రమట్టి రంగుకు తిరిగేది. అయినా ఆ బండిలో ఏ చోట చెయ్యి పెడితే ఏమవుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అదంతా మా డ్రైవరన్న పెట్టిన భిక్ష.

ఆయన అప్పటికే యాభై దాటిన మనిషి. మాట తక్కువ. బీడీ కాల్చుకోవడానికి ఆపినప్పుడల్లా నన్ను కిందికి దింపి, ముందు రేకు పైకెత్తి, ఇది ఇంత పని చేస్తాది, ఇది పోతే ఇట్లా కట్టుకోవల్ల అని చూపించేవాడు. నాకెందుకన్నా ఇదంతా అంటే, దోవలో నాకేమన్నా అయితే బండిలో ఉండే మనిషి యాడికి పోవల్ల చెల్లీ అనేవాడు. స్టీరింగు పట్టించింది కూడా ఆయనే. ఎండిపోయిన చెరువులో నేర్పాడు, తాకడానికి ఏమీ ఉండదని.

ఒక మధ్యాహ్నం రుద్రవరం అవతలి పల్లె నుంచి తొలిచూలు కాన్పు పిల్లను నంద్యాలకు తెస్తున్నాము. బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతిలో అయ్యే పని కాదు. వెనక చాప మీద ఆ పిల్ల, పక్కన ఆమె తల్లి. శిరివెళ్ళ ఇంకా రాకముందే యాక్సిలరేటరు వైరు తెగింది. డ్రైవరన్న కాలు నేలకు ఆనిపోయింది, బండి నీరసంగా నిలిచిపోయింది. ఆయన దిగి, సీటు కింది నుంచి గోనెసంచులు కుట్టే పురికొస తీసి, ఒక కొన ఇంజన్లో కట్టి, రెండో కొన పక్కనుంచి తెచ్చి నా చేతికి ఇచ్చాడు. "నేను తిప్పుతా, నువ్వు లాగు. వదలమంటే వదులు," అన్నాడు. అంతే. ఆయన స్టీరింగు, గేరు చూసుకుంటే నేను తాడు లాగుతూ, వదులుతూ, వెనక్కు తిరిగి ఆ పిల్లకు ధైర్యం చెబుతూ నంద్యాల చేరాము. నా చూపుడువేలు కోసుకుపోయిన సంగతి ఆసుపత్రిలో దిగాక చూసుకున్నాను. తల్లీబిడ్డా బతికారు. బండి చెడిపోయినందుకు ఆ రోజు మాకెవరికీ కోపం రాలేదు, ఎందుకంటే చెడిపోయినా అది మా చేతిలోనే ఉంది.

ఈ కొత్త కారు సంగతి అట్లా కాదు. కొన్న మూడో వారం, మా నాయన సమాధికి పలకరాయి చెక్కించడానికి తమ్ముడూ, మరదలూ, నేనూ ఆళ్ళగడ్డకు బయలుదేరాము. నేను ముందు సీట్లో, మా మరదలు వెనక. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి, చక్కెర జబ్బు, బీపీ రెండూ ఉన్నాయి. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల పందిళ్ళు వరుసగా ఉంటాయి కదా, అందులో ఒకదాని ముందు కారు ఆపాడు. మెట్లున్నాయి, రాళ్ళున్నాయి, నువ్వు దిగొద్దు, చల్లగాలి వేసే ఉంచుతా, కూర్చో అని పెళ్ళానికి చెప్పి, తాళం జేబులో వేసుకుని నాతో లోపలికి వచ్చాడు. అందులో తప్పేముంది? జీపయితే ఇంజను ఆగితే ఊరికంతా తెలుస్తుంది. ఈ కారుకు నడుస్తున్నప్పుడూ ఇంజను చప్పుడు లేదు, ఆగినప్పుడూ లేదు.

లోపల రాయి కోసే మిషను చెవులు చిల్లులు పడేటట్టు మోగుతోంది. నల్లరాయా, బూడిదరంగు రాయా అని మేమిద్దరం అరగంటకు పైగా వాదులాడుకున్నాము. పలక మీద చెక్కవలసిన మాటలు రాసిన కాగితం కారులో మరిచిపోయానని గుర్తొచ్చి, తెస్తానుండు అని నేను బయటికి వచ్చాను. కారు అద్దాలు నల్లటివి. దగ్గరికి పోయాకే కనిపించింది, వెనక అద్దానికి లోపలినుంచి ఆనించిన అరచెయ్యి. కొట్టే ఓపిక కూడా అయిపోయి, ఊరికే ఆనించిన చెయ్యి.

తాళం దూరం పోయిందని కారు తనంతట తానే ఆగిపోయి, చల్లగాలి ఆపేసి, తలుపులు బిగించుకుంది. వెనక తలుపులకు, చిన్నపిల్లలు తీయకుండా పెట్టే తాళం ఒకటి వేసి ఉంది. ముందు వారం మనవణ్ణి తిప్పినప్పుడు తెర మీద నొక్కి తీయడం మరిచిపోయారట. అద్దాలు దిగవు. ఆమె ఫోను ముందు, తెర కింద చార్జింగులో ఉంది, చెయ్యి అందదు. ముందు సీట్ల నడుమ గోడ లాంటి అరుగు దాటి ముందుకు రావడం ఆ మోకాళ్ళతో అయ్యే పని కాదు. నెత్తిన గాజు కప్పు, గాజు కప్పు మీద పన్నెండు గంటల ఎండ.

నేను కేక వేస్తే తమ్ముడు పరుగెత్తుకుని వచ్చాడు. తాళం బిళ్ళ మీది బొత్తాము నొక్కాడు, పలకలేదు. తలుపు దగ్గర పెట్టి నొక్కాడు, పలకలేదు. పిడి బయటికి రాలేదు. కంపెనీకి ఫోను చేశాడు. అందులో ముందు సంగీతం, తరవాత ఏ భాషకు ఏ అంకె నొక్కాలో చెప్పే పాఠం, ఆ తరవాత ఒక అమ్మాయి బండి నంబరు అడిగింది, ఆ తరవాత మీ ఫోనుకు ఒక నంబరు పంపాము, అది చదవండి సార్ అంది. లోపల మా మరదలి తల పక్కకు వాలిపోయింది. మొహం ఎర్రగా ఉంది, చెమట లేదు. ఎండదెబ్బ తగిలిన మనిషికి చెమట ఆగిపోతే దాని అర్థమేమిటో ముప్పై అయిదేళ్ళు నర్సు పని చేసినదానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మాతో రాయి గురించి మాట్లాడిన శిల్పి, కనుబొమ్మల దాకా తెల్లటి రాతిపొడితో, చేతుల్లో సుత్తీ ఉలీ పట్టుకునే వచ్చి నిలబడ్డాడు.

"అద్దం పగలగొట్టప్పా," అన్నాను.

"ఉండక్కా, వాళ్ళు తెరుస్తామంటాండారు, ఒక్క నిమిషం," అన్నాడు తమ్ముడు, ఫోను చెవికి ఆనించుకునే. "కొత్త బండక్కా."

అరవై అయిదేళ్ళ తమ్ముణ్ణి ఎప్పుడూ పల్లెత్తు మాట అనని నేను ఆ రోజు అన్న మాట ఇక్కడ రాయలేను. ఫోను లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాను. శిల్పి నా మొహం చూశాడు. "యాడ కొట్టల్లమ్మా?" అని మాత్రం అడిగాడు. గాజు ఆమె మీద పడకుండా ముందు తలుపుది కొట్టమన్నాను. ఉలి కొన అద్దం మూలన ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. అద్దం పటిక బెల్లంలాగా రాలిపోయింది. చెయ్యి లోపలికి పెట్టి తాళం మీట నొక్కితే నాలుగు తలుపుల తాళాలూ లేచాయి. అయినా ఆ వెనక తలుపు పిడి బయటికి రాలేదు. అదే ఉలితో దాన్ని కలుగులోంచి పైకి పెకలించి లాగాడు.

ఆమెను బయటికి తీస్తే ఒళ్ళు పెనంలాగా కాలుతోంది. నన్ను గుర్తుపట్టలేదు, వాళ్ళమ్మ అనుకుని ఏదో అడిగింది. పందిట్లో నీడకు చేర్చి, రాయి తడపడానికి పెట్టుకున్న పీపాలోని నీళ్ళు మెడకు, చంకలకు, ఒంటి నిండా పోశాము. పక్క పందిరివాళ్ళు అట్టముక్కలతో విసిరారు. కాసేపటికి కళ్ళు తెరిచి "వదినా, ఎంత కొట్టినా మీరు రాలేదు" అంది. ఆ మాటకు మా తమ్ముడు రాళ్ళ మధ్య కూలబడి ఏడ్చాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. రెండు రోజులు సెలైను ఎక్కించారు. బతికింది, కానీ నెల దాకా నిలబడితే కళ్ళు తిరిగేవి.

ఆ తరవాత నేనే పట్టుబట్టి తమ్ముడితో కలిసి కంపెనీవాళ్ళ షెడ్డుకు పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఇంజనీరు కారుకు వైరు తగిలించి చూసి, కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించుకోకపోవడం వల్ల ఇట్లా అయిందన్నాడు. అంటే తప్పు మాది. పైగా, ఆ తాళం లోపల చిన్న ఇనుప తాళంచెవి దాగి ఉంటుందట, దాంతో ముందు తలుపు తీసుకుని ఉండవచ్చట, అంతా పుస్తకంలో ఉందట. పుస్తకం ఏది నాయనా, మాకు ఇవ్వలేదే అన్నాను. తెరలోనే ఉంది మేడం, నొక్కితే వస్తుంది అన్నాడు. తాళం పడిన కారును ఎట్లా తెరవాలో రాసిన పుస్తకాన్ని ఆ కారు లోపలే పెట్టిన తెలివితేటలకు దండం పెట్టాలి. అయితే నువ్వు వెనక సీట్లో కూర్చో, పిల్లల తాళం వేస్తాం, మేం తాళం తీసుకుని టీ తాగి వస్తాం, అప్పుడు మాట్లాడదాం అన్నాను. అతను ఎండ వంక చూశాడు, కారు వంక చూశాడు, ఎక్కలేదు. ఇంటికి వచ్చేసరికి అద్దం చిట్లిన తమ్ముడి ఫోనులో, మా సేవ ఎట్లా ఉంది, అయిదు చుక్కల్లో ఎన్ని ఇస్తారు అని అడుగుతూ సందేశం వచ్చి ఉంది.

నా కోపం కరెంటు మీద కాదు, కొత్తదనం మీద కాదు. పొగ లేని బండి వస్తే నాకన్నా సంతోషించేవాళ్ళు లేరు, ఆ జీపు పొగ మింగి ముప్పై ఏళ్ళు దగ్గినదాన్ని. కానీ తలుపు తీయడం, గాలి పీల్చడం కూడా మనిషి చేతిలోంచి తీసుకుని ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్నవాళ్ళు పెట్టుకున్నారే, దానికి మండుతుంది. ఒకప్పుడు బండి గురించి తెలిసిన మనిషి మన పక్కనే కూర్చుని, మనతోపాటే ఆ దుమ్ము తినేవాడు. ఆయనకు తెలిసింది మనకు చెప్పేవాడు, తాను లేకపోయినా మనం ఇల్లు చేరాలని. ఇప్పుడు తెలిసినవాళ్ళు మనకు ఎప్పటికీ కనబడరు. మనకు చెప్పడం వాళ్ళకు అక్కరలేదు.

పలకరాయి తయారైందని శిల్పి కబురు పెట్టినప్పుడు, మా మరదలు తానూ వస్తానంది గానీ కారు ఎక్కనంది. తమ్ముడు బతిమాలాడు, తరవాత మానేశాడు. ముగ్గురం ఎర్ర బస్సులో పోయాము. ఆమెకు కిటికీ పక్క సీటు ఇచ్చాము. శిరివెళ్ళ దాటాక ఎండ మొహానికి కొడుతోంది, వడగాలి, దుమ్ము. అద్దం మూయమంటావా అని తమ్ముడు అడిగాడు. వద్దు అంది. ఆళ్ళగడ్డ దాకా ఆమె ఆ కిటికీ అంచును చేత్తో పట్టుకునే కూర్చుంది.